తిరుమణి ప్యానళ్లు, చైనా మర్యాదలు

కర్ణాటకలోని పావగడలో ఐటీఐ, డిప్లొమా చేసి సోలార్ పార్కు గేటు దగ్గరికెళ్లి పని అడిగితే, ప్యానళ్లు కడిగే పనో సెక్యూరిటీ పనో చూపిస్తారు. అక్కడే ఆగిపోకూడదనుకునేవాళ్లు ఒక సంగతి పట్టించుకోవాలి. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు చుట్టూ 13,000 ఎకరాల్లో వేసిన 2,050 మెగావాట్ల పార్కు 2019 చివరికి పూర్తయింది. ఆ రోజుల్లో మన దేశంలో బిగించిన ప్యానళ్లలో ఎక్కువ భాగం చైనా సరుకే. ప్యానల్‌కు మామూలుగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. అంటే సోలార్ పనిలో ఉన్నవాళ్లకు చైనా కంపెనీలతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఇప్పట్లో తెగవు.

అవతలివాళ్ల పద్ధతి తెలిస్తే ఆ పని సగం సులువవుతుంది. కన్ఫ్యూషియస్ నాటి నుంచి చైనాలో పెద్దాచిన్నా వరస గట్టిది. సుయ్ రాజవంశంతో మొదలై 1905 దాకా సాగిన రాజోద్యోగ పరీక్షలు, చదివి రాసినవాడే పైకొస్తాడన్న నమ్మకాన్ని ఇళ్లలో నాటాయి. ఇప్పుడు కాలేజీ ప్రవేశాలకు జూన్‌లో జరిగే గావ్‌కావ్ పరీక్ష మీద అంత గుబులు అందుకే. (మన ఈఏపీసెట్, సీఈటీ ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు.) కంపెనీలోనూ కింది ఇంజినీరు పైవాణ్ణి అడగనిదే మాటివ్వడు. నలుగురిలో అతని తప్పు ఎత్తిచూపారా, పరువు పోయిందనుకుంటాడు, మీ ఫైలు కదలదు.

అందుకని హాట్‌స్పాట్ (ఒకేచోట అతిగా వేడెక్కడం) వచ్చిన ప్యానల్ గురించి రాసేటప్పుడు, మీ సరుకు నాసిరకమని పదిమందికి కాపీ పెట్టకండి. ప్యానల్ వెనక అంటించిన చీటీ మీది సీరియల్ నంబరు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, మీ మీటరు చూపిన రీడింగు, థర్మల్ కెమెరా ఫొటో జతచేసి ఆ పని చూసే ఇంజినీరుకే విడిగా పంపండి. క్యాలెండరూ చూసుకోండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి కార్మికులు సొంతూళ్లకు పోతారు, ఫ్యాక్టరీలు మూతపడతాయి. విడిభాగాల ఆర్డరు డిసెంబరు దాటనివ్వకూడదు.

అలాగని అక్కడివన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా వారానికి 6 రోజులు పని చేయించే '996' పద్ధతి చట్టవిరుద్ధమని 2021లో చైనా సుప్రీంకోర్టే చెప్పింది. ఎక్కడ చేరినా ఆఫర్ లెటర్‌లో పనిగంటలు చదివాకే సంతకం.

చైనీస్ నేర్చుకోవాలా? టెక్నీషియన్‌కు అవసరం లేదు. కొనుగోళ్లు, దిగుమతుల వైపు వెళ్లేవాళ్లకు మాత్రం చైనీస్ ఎంత వచ్చో తేల్చే హెచ్‌ఎస్‌కే పరీక్ష పనికొస్తుంది. డిగ్రీయే కావాలంటే ఢిల్లీలో జేఎన్‌యూ, శాంతినికేతన్‌లో 1937 నాటి చీనా భవన ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడతో పెరిగిన పిల్లలు ఇంకో భాషకు జడవరు. ముందు మాత్రం మీటరు పట్టడం రావాలి. దానికి జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర లాంటి శిక్షణ ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ చేసినవాళ్లకు అందులో చేరే అర్హత ఉంది.