నింగిలో రెండు నౌకల కలయిక

ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీదుగా మాల్టన్ వైపు వెళ్ళేటప్పుడు విమానాలు తలలపైనే దిగుతూ కనిపిస్తాయి కదా! ఒకప్పుడు ఆ మాల్టన్‌లో ఆవ్రో అనే పెద్ద విమాన కర్మాగారం ఉండేది. అక్కడ తయారవుతున్న యారో అనే యుద్ధవిమానాన్ని కెనడా ప్రభుత్వం 1959 ఫిబ్రవరి 20న రద్దు చేసింది. వేలాది మందికి ఒక్కరోజులో పని పోయింది. వారిలో సుమారు ముప్ఫై మంది ఇంజనీర్లు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో చేరారు. వారిని వెంటబెట్టుకొని వెళ్ళిన జిమ్ ఛాంబర్లిన్ కొద్దికాలానికే జెమినీ పథకానికి అధిపతి అయ్యారు.

ఏమిటా జెమినీ? చంద్రునిపై దిగినవారు చిన్న నౌకలో పైకి లేచి, అక్కడ తిరుగుతున్న పెద్ద నౌకను కలుసుకోవాలి. కలవలేకపోతే వారు ఇల్లు చేరరు. అందుచేత ఆ విద్యను ముందు భూమికి దగ్గరలోనే నేర్చుకోవలసి వచ్చింది. ఇద్దరేసి మనుషులు ప్రయాణించే జెమినీ నౌకలు అందుకొరకే పుట్టాయి.

ముందున్న వస్తువును అందుకోవాలంటే ఏం చేస్తాం? బస్సు కదిలిపోతుంటే వేగంగా పరుగెత్తుతాం. 1965 జూన్ 3న జెమినీ-4లో మెక్‌డివిట్ అదే చేశారు. తమను మోసుకువచ్చిన రాకెట్టు భాగం దగ్గరలోనే తేలుతుండగా, నౌక ముక్కును దానివైపు త్రిప్పి ముందుకు నడిపారు. అది దగ్గర కాలేదు సరికదా, దూరమైపోయింది! దాదాపు సగం ఇంధనం ఖర్చయ్యాక ఆ ప్రయత్నం మానుకున్నారు.

కారణం వినండి. కక్ష్యలో ఉన్న నౌకను ముందుకు నెడితే అది పై కక్ష్యకు ఎక్కుతుంది. పై కక్ష్య దారి పొడవు. అక్కడ నడక కూడా నెమ్మది. కాబట్టి వెనుకబడిపోతుంది. ముందున్నదానిని అందుకోవాలంటే మొదట వేగం తగ్గించి, క్రింది కక్ష్యకు దిగాలి. అక్కడ దారి తక్కువ, వేగం ఎక్కువ. దానిని సమీపించాక మెల్లగా పైకి లేవాలి. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను!

ఈ లెక్క కుదిరాక, 1965 డిసెంబరు 15న జెమినీ-6, జెమినీ-7 నౌకలు ఒకదానికొకటి ఒక అడుగు దూరం వరకు వచ్చాయి. కాని అంటుకొనే సాధనం వాటికి లేదు. స్కేట్లు వేసుకొని మంచుమీద స్నేహితునికి తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇద్దరూ చెరోవైపు జారిపోతారు. నౌకలూ అంతే. మెల్లగా తాకాలి, తాకగానే కొక్కేలు పడాలి.

1966 మార్చి 16న జెమినీ-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ ఆ పని సాధించారు. మనుషులు లేని అజీనా అనే నౌకలో తమ నౌక ముక్కును దూర్చి బిగించారు. లోకంలో అదే మొదటి కలయిక. అరగంట కాకముందే జంట నౌకలు గిరగిర తిరగసాగాయి. తప్పు అజీనాదని తలచి విడిపోయారు. తిరుగుడు ఇంకా పెరిగింది! సెకనుకు ఒక చుట్టు. కళ్ళు మసకబారుతున్నాయి. స్పృహ తప్పితే ఇక ప్రాణాలు దక్కవు. తప్పు తమ నౌకదే. ఒక చిన్న ఇంజను ఆగకుండా మండుతూనే ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఇంజన్ల వ్యవస్థనంతా ఆపివేసి, భూమికి దిగేటప్పుడు వాడవలసిన వేరే ఇంజన్లతో నౌకను నిలబెట్టారు. వాటిని ముట్టుకొంటే వెంటనే దిగిపోవాలని నియమం. మూడు రోజుల యాత్ర పదకొండు గంటలకు లోపే ముగిసింది. స్కాట్ చేయవలసిన అంతరిక్ష నడక జరగనేలేదు.

నేడు నౌకలు చాలావరకు తమంతట తామే కలుసుకుంటున్నాయి. కొన్ని సరుకుల నౌకలకు మాత్రం మరో పద్ధతి ఉంది. అవి అంతరిక్ష కేంద్రానికి సుమారు పది మీటర్ల దూరంలో ఆగితే, కెనడార్మ్-2 అనే 17 మీటర్ల యంత్రపు చేయి పట్టుకుంటుంది. 2001లో పైకి వెళ్ళిన ఆ చేయి తయారైంది మన బ్రాంప్టన్‌లోనే.

2022 ఫిబ్రవరి 21న సిగ్నస్ అనే సరుకుల నౌకను ఆ చేతితో పట్టినవారు రాజా చారి. ఆయన తండ్రి తెలంగాణ నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళినవారు. పట్టుకోవడం అయ్యాక, భూమిపై ఉన్న నియంత్రకులు ఆ చేతిని మెల్లగా కదిలించి నౌకను కేంద్రానికి బిగించారు.