స్కానింగ్ యంత్రం చూపే కొలత నిజమేనా?

ప్రశ్న: అల్ట్రాసౌండ్ యంత్రం సరిగా పనిచేస్తోందని ఎలా తేలుస్తారు? (పులివెందుల)

జవాబు: అల్ట్రాసౌండ్ యంత్రం కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కగడుతుంది. శరీరంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లనుకుని, ప్రతిధ్వని తిరిగొచ్చిన సమయాన్ని లోతుగా మారుస్తుంది. ఆ కొలత తప్పితే గర్భస్థ శిశువు తొడ ఎముక పొడవూ, దాన్నిబట్టి చెప్పే వారాలూ తప్పుతాయి.

అందుకే తెలిసిన దూరాల్లో సన్నని దారాలు బిగించిన ఫాంటమ్ అనే నమూనాపై కొలతలు సరిచూస్తారు. నీళ్ల తొట్టి ఇందుకు పనికిరాదు. గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో ధ్వని వేగం సుమారు 1480 మీటర్లే కాబట్టి 10 సెంటీమీటర్ల లోతు 10.4గా కనిపిస్తుంది. జెల్ ఫాంటమ్ ఎండితే పాడవుతుంది. 40 డిగ్రీలు దాటే కడప జిల్లా వేసవిలో దాన్ని చల్లని గదిలోనే ఉంచాలి.

తరచుగా దెబ్బతినేది ఒంటిపై ఆనించే ప్రోబ్. దాని పరీక్షకు పైసా ఖర్చు లేదు. జెల్ రాయకుండా గాలిలో పట్టుకుంటే తెర పైభాగాన సమానమైన పట్టీలు కనిపించాలి. వాటి మధ్య నల్లటి నిలువు చార ఉంటే ప్రోబ్‌లో ధ్వనిని పుట్టించే కొన్ని స్ఫటికాలు పనిచేయడం లేదని అనుమానించాలి. పగిలిన ప్రోబ్‌తో విద్యుత్ ప్రమాదమూ ఉంది, వెంటనే పక్కన పెట్టాలి.

గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద స్కానింగ్ కేంద్రానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ బొమ్మ నాణ్యతకు హామీ కాదు. ఎక్స్‌రే, సీటీ యంత్రాలపై ఉండే అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ అల్ట్రాసౌండ్‌కు వర్తించదు. కాబట్టి బాధ్యత ప్రధానంగా స్కానింగ్ కేంద్రానిదే. యంత్రం కొత్తగా ఉన్నప్పుడే ఫాంటమ్ బొమ్మలు భద్రపరచి, తర్వాతి పరీక్షలను అవే సెట్టింగులతో పోల్చాలి.