కిడ్నీ జబ్బు: నర్సు అడిగే ప్రశ్నలు, ఇంటివారు చెప్పవలసిన జవాబులు

బి.పి., షుగరు, కిడ్నీ జబ్బు వంటివి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంటే తీరిపోయేవి కావు. రోగి మిగతా రోజులన్నీ ఇంటిలోనే గడపాలి. అందుచేత వైద్యంలో సగం బాధ్యత ఇంటివారిదే. ఈ పాఠంలో మన ప్రాంతాన్ని ఎక్కువగా బాధిస్తున్న కిడ్నీ జబ్బు గురించి తెలుసుకుందాం.

ఉద్దానంలో జబ్బు

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడిమామిడి తోటలున్న ప్రాంతమే ఉద్దానం. ఇక్కడ బి.పి., షుగరు లేనివారికి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. శ్రీలంకలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాలలోను రైతుకూలీలకు ఇటువంటి జబ్బే వస్తోంది. తాగునీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు – ఇలా ఎన్నింటినో అనుమానించి పరిశోధించారు గాని, ఇదే కారణమని తేలలేదు. హిరమండలం నుండి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచం, మంచం వేరు చేయనక్కరలేదు.

ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు. ఉద్దానం రోగులలో చాలామందికి కాళ్ళవాపు కూడా ఆలస్యంగానే కనబడుతుంది. మనిషి బాగానే తిరుగుతున్నాడు కదా అనుకోరాదు. ఇంటిలో ఒకరికి జబ్బు ఉంటే, మిగిలిన పెద్దవారు కూడా ఏడాదికి ఒకసారి బి.పి. చూపించుకొని, రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

నర్సు ఎందుకు అడుగుతుంది?

1. "నొప్పులకు ఏం వాడారు?" డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, సూదిమందులు దెబ్బతిన్న కిడ్నీని మరింత పాడుచేస్తాయి. ఊరి డాక్టరు ఇచ్చినవి, దుకాణంలో కొన్నవి, నాటుమందులు – అన్నీ చెప్పండి. ఖాళీ అట్టలైనా తెచ్చి చూపండి. మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. దాచిపెడితే నష్టపోయేది రోగే.

2. "మూత్రం ఎంత వస్తోంది? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" ఇది రోగి కంటే పక్కన పడుకున్నవారికే బాగా తెలుస్తుంది.

3. "బరువు ఎంత?" ఒకటి రెండు రోజులలోనే బరువు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళివచ్చిన తరువాత, ఒకే కాటాపై తూచి పుస్తకంలో రాయండి.

4. "షుగరు మందు ఎంత వేసుకుంటున్నారు?" కిడ్నీ పని తగ్గినకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. షుగరు తగ్గిందని సంబరపడకండి. చెమటలు, వణుకు, మగత వస్తే షుగరు పడిపోయిందేమో చూడాలి. మందు మోతాదు డాక్టరే మార్చాలి.

ఇంటిలో పాటించవలసినవి

ఉప్పు: వంటలో వేసేదంతా కలిపి మనిషికి రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు మానాలి. బజారులో "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, దానిని డాక్టరును అడగకుండా వాడరాదు.

కొబ్బరినీళ్ళు: మన తోటలో కాసిందే, చలవ చేస్తుంది అని రోగికి తాగిస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి అది బయటకు పోక, గుండె ఆగే ప్రమాదం ఉంది. అరటిపండు, జీడిపప్పు విషయంలోనూ జాగ్రత్త. కూరగాయలను ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుంది.

నీళ్ళు: ఎండలో పనిచేసే ఆరోగ్యవంతులు తరచుగా నీళ్ళు తాగాలి, నీడపట్టున విశ్రాంతి తీసుకోవాలి. డయాలసిస్ రోగికి మాత్రం నీళ్ళకు కొలత ఉంటుంది. పొరుగువారి సలహా వినక, డాక్టరు చెప్పిన కొలతనే పాటించండి.

ఫిస్టులా చేయి: ఆ చేతికి బి.పి. చూడనీయరాదు, రక్తం తీయనీయరాదు, బరువులు మోయరాదు. రోజూ దానిపై వేళ్ళు ఆనించి చూడండి. అదురు తెలియకపోతే అదే రోజు ఆసుపత్రికి రండి.

డయాలసిస్: సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు చేస్తారు. పండుగని, పెళ్ళని, ఒంట్లో బాగుందని ఒక్కటి కూడా మానరాదు.

వెంటనే 108కి ఫోను చేయవలసిన సమయాలు

ఆయాసంతో పడుకోలేకపోవడం, కాళ్ళూచేతులు చచ్చుబడడం, గుండెదడ, మాట తడబడడం, మగత, ఫిట్స్. ఫిస్టులా నుండి రక్తం ఆగకపోతే గుడ్డతో అక్కడ గట్టిగా అదిమిపట్టి ఉంచండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటికి పంపేముందు నర్సు, "నేను చెప్పింది మీ మాటల్లో మళ్ళీ చెప్పండి" అంటుంది. అది మీకు పరీక్ష కాదు, తాను అర్థమయ్యేలా చెప్పానా లేదా అని చూసుకోవడానికే. తెలియనిది సిగ్గుపడకుండా అడగండి. ఇంటిలో వంట చేసేవారిని, మందులు ఇచ్చేవారిని కూడా ఆ రోజు తప్పక వెంట తీసుకురండి.