కాంట్రాక్టు వెనక పేజీ

కోయంబత్తూరులో నూలు మిల్లుకు పత్తి కొనే పనిలో నలభై ఏళ్లు గడిపాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాంట్రాక్టులో ఇంగ్లీషు. ఇప్పుడు ఆ పనిలోకి దిగుతున్న మన పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. వెనక పేజీ ముందు చదవండి. విదేశీ పత్తి కాంట్రాక్టులో ఆ పేజీ అడుగున ఒక వాక్యం ఉంటుంది: తగాదా వస్తే లివర్‌పూల్‌లోని ఇంటర్నేషనల్ కాటన్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం మధ్యవర్తిత్వంలో తేలాలని. 1841లో అక్కడి పత్తి దళారులు పెట్టుకున్న సంఘం అది. 2011 మార్చిలో పత్తి పౌను రెండు డాలర్లు దాటింది. భయపడి ఆ ధరకే బేళ్లు ఒప్పుకున్నాం. ఏడాది తిరక్కుండానే ధర సగానికి పడింది. సరుకు వద్దని ఒక ఉత్తరం రాసేస్తే చాలనుకున్నాం. ఆ నిబంధనల్లో ఒప్పందం రద్దు కాదు. సరుకు కదలకపోయినా ఒప్పుకున్న ధరకూ మార్కెట్ ధరకూ తేడా లెక్కగట్టి ఖాతా మూయాలి. మధ్యవర్తుల తీర్పు లివర్‌పూల్‌లో వచ్చినా ఇక్కడి కోర్టులో అమలు చేయించుకోవచ్చు. విదేశీ మధ్యవర్తి తీర్పుల అమలుకు కుదిరిన 1958 న్యూయార్క్ ఒప్పందంలో మన దేశమూ ఉంది. మేం కట్టాం.

2. నమూనా దాచండి. బేలు కోసి గుప్పెడు దూది తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి లాగి పోగులు సరిచేసి, నల్లగుడ్డ మీద పరిచి పింజ కొలిచేవాళ్లం. ఆ చేతి లెక్క మనకు నమ్మకమే కానీ మధ్యవర్తికి సాక్ష్యం కాదు. అమ్మినవారి మనిషి ఎదుటే నమూనాకు సీలు వేయించండి.

3. మధ్యవర్తిత్వానికి ఏ ఊరు రాశారో చూడండి. బ్రిటన్ తన 1996 మధ్యవర్తిత్వ చట్టాన్ని సవరించింది, ఆ సవరణ 2025 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. మధ్యవర్తిత్వ నిబంధనకు వేరే చట్టమని స్పష్టంగా రాసుకోకపోతే, మధ్యవర్తిత్వ స్థానం (సీటు) ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టమే దానికి వర్తిస్తుంది. కాబట్టి ఊరిపేరు చిరునామా మాత్రమే అనుకోవద్దు.

4. ఎదుటి పక్షమే మధ్యవర్తిని పెడతానంటే ఒప్పుకోకండి. మధురలో మా బావమరిది ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టరు. శాఖవారి జాబితాలోంచే ఒకరిని ఎంచుకోవాలని ఆయన ఒప్పందాల్లో ఉండేది. అది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలేది. మా తాతల పంచాయతీలో కూడా వాది బంధువు తీర్పు చెప్పడానికి కూర్చునేవాడు కాదు! 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పద్ధతి సమానత్వానికి విరుద్ధమంది. ఆలస్యంగానైనా న్యాయం జరిగింది.

5. స్టాంపు చాలలేదని బెదరకండి. లోపం సరిదిద్దుకోవచ్చు, మధ్యవర్తిత్వ ఒప్పందం చెల్లకుండా పోదు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు చెప్పిన మాట ఇది.

6. మధ్యవర్తి తీర్పులో కూడిక తప్పితే మళ్లీ మొదటికి రానక్కర్లేదు. మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, దేశంలో ఇచ్చిన తీర్పులను కోర్టులు కొంతమేర మార్చవచ్చంది. లెక్కల పొరపాటు దిద్దవచ్చు, తీర్పు తర్వాతి వడ్డీ సవరించవచ్చు. అయిదుగురిలో ఒక న్యాయమూర్తి ఒప్పుకోలేదు. నా మటుకు నలుగురి మాటే సబబు.

2011 ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పత్తి కొనే పనిలో కొత్తగా చేరినవాళ్లు ఇంటికొస్తే, కాఫీ చల్లారేలోపే అందులోంచి ఆ వెనక పేజీ తీసి చేతిలో పెడతాను.