రాజమండ్రిలో రెండు పగళ్ళు ఉండండి

మా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. సంక్రాంతి ముందు జేఎన్‌టీయూ కూడలి దగ్గర సామాన్లతో బస్సు కోసం నిలబడే జనాన్ని చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు. శుక్రవారం రాత్రి బయల్దేరి, శనివారం పుష్కర ఘాట్‌లో మూడు మునకలు వేసి, పాపికొండల పడవెక్కి, రోజ్‌మిల్క్ తాగి, సోమవారం పొద్దున్నే ఆఫీసులో కూర్చుంటారు. రాజమండ్రి చూసొచ్చామంటారు. వాళ్ళు చూసింది నదిని. ఊరు మిగిలిపోయింది. తెలుగువాళ్ళ బతుకును మార్చిన ఎన్నో పనులకు ఆ ఊళ్ళోనే ఎవరో ఒకరు ముందు నడిచారు, తిట్లు తిన్నారు. వాళ్ళ ఇళ్ళూ, కట్టడాలూ, బొమ్మలూ ఇంకా అక్కడే ఉన్నాయి. పదిమందిని వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

1. బయల్దేరే ముందు పిల్లలకు ఇంట్లో నల్లా చూపించండి.

హైదరాబాద్‌కు ఏళ్ళ తరబడి తాగునీరిచ్చిన మంజీర గోదావరికి ఉపనది. 2015 చివర నుంచి ఎల్లంపల్లి జలాశయం దగ్గర తోడిన గోదావరి నీరే పెద్ద గొట్టాల్లో నగరానికి, మన కూకట్‌పల్లి వైపుకు కూడా వస్తోంది. రోజూ తాగే నీరు ఏ నదిదో తెలిసిన పిల్లవాడు రాజమండ్రి రేవులో నిలబడితే ఆ చూపే వేరుగా ఉంటుంది.

2. గోదావరిని పగటిపూట దాటండి.

లింగంపల్లిలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి చేరిపోతారు. సౌకర్యమే, కానీ రైలు నది మీదికి వచ్చేసరికి పెట్టె అంతా నిద్రలో ఉంటుంది. వెళ్ళేటప్పుడు కుదరకపోతే వచ్చేటప్పుడైనా పగటి బండి చూసుకోండి. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య మూడు తరాల వంతెనలు కనిపిస్తాయి. 1900లో మొదలైన హేవ్‌లాక్ వంతెన, 56 ఖానాలతో దాదాపు శతాబ్దం పాటు మద్రాసు, కలకత్తా బండ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974 నాటి రోడ్డు, రైలు వంతెన ఒకటి. హేవ్‌లాక్ పనిని అందుకున్న విల్లుల వంతెన ఇంకొకటి. పిల్లల చేత చిల్లర వేయించండి, కాదనను. ఆ పాత స్తంభాలను కూడా చూపించండి. పారే నదిలో, ఇసుక అడుగున, ఇప్పటి యంత్రాలేవీ లేని రోజుల్లో మనుషులు దిగి వేసిన పునాదులవి.

3. ఊళ్ళోకి వెళ్ళే ముందు ధవళేశ్వరం వెళ్ళండి.

చాలామంది ఆఖర్న, చీకటి పడే వేళ బ్యారేజీ మీద కారు ఆపి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నేనైతే తీసుకెళ్ళినవాళ్ళను పొద్దున్నే ముందు అక్కడికే నడిపిస్తాను. అది అర్థమైతే మిగతా ఊరు అర్థమవుతుంది.

ఇవాళ అన్నపూర్ణ అంటున్న గోదావరి డెల్టా నేల 1833లో డొక్కల కరువుతో అల్లాడింది. 1839లో తుపాను ఉప్పెన కోరంగి తీరాన్ని ఊడ్చేసింది. 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయింది. పక్కనే అంత నది పారుతుండగా ఇదంతా జరిగింది. ఈ అంకెలు చెప్పాక బ్యారేజీ మీద పిల్లలు కాసేపు మాట్లాడరు. అది నేను చాలాసార్లు చూశాను.

ఆర్థర్ కాటన్ దొర 1847లో పని మొదలుపెడితే 1852కి ఆనకట్ట నిలిచింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. రాయి పక్క కొండ నుంచే వచ్చింది. ఇసుక మీద రాతికట్టడం ఎలా నిలబెట్టాలో కాటన్ నేర్చుకున్నది తమిళదేశంలో, కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇది తెలిశాకే. తర్వాత రైళ్ళ కన్నా కాలువలకే ముందు డబ్బు పెట్టమని వాదించినందుకు 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ఎదుట నిలబడాల్సి వచ్చింది. ఇక్కడ మాత్రం గోదావరిలో స్నానం చేసి ఆయన పేరున తర్పణం విడిచే రైతులున్నారు. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ 1970లో మొదలై 1982లో పూర్తయింది. దాని కింద దాదాపు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. కాటన్ మ్యూజియానికి తీరిగ్గా వెళ్ళండి, కాలువల పటం ముందు ఎక్కువసేపు నిలబడండి. మీ తాతగారి ఊరు ఏ కాలువ కింద ఉందో అక్కడే వెతికించండి.

4. విగ్రహం లేనివాళ్ళ గురించి అడగండి.

గుర్రం మీద కాటన్ విగ్రహం అందరికీ కనిపిస్తుంది. ఆయనకు కుడిభుజంగా నిలిచి, కూలీలను సమకూర్చి, దగ్గరుండి పని నడిపించిన వీనం వీరన్న పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? రాయ్ బహదూర్ బిరుదు పొందినాయన. కాటన్ ఊళ్ళో లేని కాలంలో పని ఆగకుండా చూసిన ఇంజనీరు కెప్టెన్ ఓర్. ఇక రాళ్ళు మోసిన వేల మంది కూలీల పేర్లు ఏ పలక మీదా లేవు. డెల్టాలో అన్నం తిన్న కుటుంబాల వాళ్ళం, వాళ్ళ మాట మనమైనా ఎత్తాలి.

5. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు గబగబా చూసి వచ్చే ఇల్లు కాదు.

బడి పుస్తకంలో ఒక పేరాగా చదివి వదిలేసిన మనిషి ఆయన. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ ఏడాదే వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. వీధుల్లో పోలీసులు కాపలా ఉంటే, కాలేజీ విద్యార్థులు అండగా నిలిస్తే తప్ప ఆ పెళ్ళి జరగలేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చి ఆదుకున్నారు.

ఆ తర్వాత వెలి. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ వండిపెట్టారు. సంస్కరణ చరిత్రలో ఉపన్యాసాలు ఎవరివో రాసుకుంటాం. ఆ బిందె బరువును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నన్నడిగితే ఆవిడ కూడా ఆ ఉద్యమానికి నాయకురాలే. ఆనంద తోటలో భార్యాభర్తలిద్దరి సమాధులూ ఉన్నాయి. ఆడపిల్లలున్న ఇంటివాళ్ళు అక్కడికి తప్పక వెళ్ళాలి. పంతులుగారు ఆస్తినంతా హితకారిణి సమాజానికి రాసిచ్చారు. ఆయన కట్టించిన టౌన్ హాలు కూడా ఉంది, దారిలోనే చూడొచ్చు.

6. దామెర్ల రామారావు చిత్రశాలకు ఒక పూట ఉంచుకోండి.

1897లో పుట్టి, 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఉన్నది గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపే ఏర్పాటు చేశారు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళా బడి పెట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణే. ఆయన పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడినీ బొమ్మలనీ కాపాడారు. అచ్చులో చూసిన రంగులకూ అసలు బొమ్మకూ పోలికే లేదు. సెలవు రోజులు, వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి. మూసిన తలుపు చూసి తిరిగొచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

7. పుస్తకాల వైపు కూడా ఒక గంట.

వెయ్యేళ్ళ కిందట రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే. 1898లో పుట్టిన వసురాయ గ్రంథాలయం తర్వాత మరొక గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయం అయింది. తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళండి.

8. పులస, పూతరేకులు, కడియం నర్సరీలు: వీటికి నేను చెప్పక్కర్లేదు, మీ కారే దారి వెతుక్కుంటుంది. ఆత్రేయపురం ఎలాగూ దగ్గరే.

9. నీటి దగ్గర పట్టుదల పనికిరాదు.

వానాకాలంలో వెళ్తే ముందు పేపర్లో ధవళేశ్వరం నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఆనాటి వాళ్ళను అడిగితే గోడల మీద నీటి గుర్తులు చూపిస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎన్నో కుటుంబాలు దీపం పోగొట్టుకున్నాయి. వాటిలో హైదరాబాద్ కుటుంబాలూ ఉన్నాయి. వరద ఉంటే పాపికొండలు మానుకోండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ దిగేదాకా ఒంటి మీదే ఉండాలి, ఎండ అయినా ఉక్క అయినా.

2027లో మళ్ళీ పుష్కరాలు. 2015 జులై 14న, మొదటి రోజు, పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. ఆ రోజు తర్వాత మా కాలనీ పెద్దలకు నేను ఒకటే చెబుతూ వచ్చాను. మొదటి రోజే, మొదటి గడియలోనే, ఆ ఒక్క రేవులోనే మునగాలన్న పట్టు వదిలేయండి. పన్నెండు రోజులూ పుష్కరమే. ముసలివాళ్ళను, పసివాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు మధ్య రోజుల్లో, పనిదినం చూసుకుని, జనం తక్కువుండే రేవుకు వెళ్ళండి. కొవ్వూరు గోష్పాద రేవులోనూ పారేది అదే గోదావరి.