వెబ్ పుట నుండి పి.డి.ఎఫ్. పత్రము – రేఖాచిత్రముల సమస్య

మన విశాఖపట్టణము లెక్కల నగరము. 1933లో ప్రారంభమైన ఓడరేవునకు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకు దినదినము లెక్కలు తప్పవు. అంకెలను గీతలుగా, కడ్డీలుగా తెరపై చూపుట నేడు సులభమే. కాని సంతకమునకు, దాఖలాకు పత్రము కావలెను. అందుచే వెబ్ పుటలను పి.డి.ఎఫ్. పత్రములుగా మార్చు పనిని స్క్రిప్టులకు అప్పగించుచున్నారు. ఇందలి మెలకువలను విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా మా పొరపాటునే చెప్పెదము. ఒక సంవత్సరము విద్యార్థుల ప్రగతి పత్రములను తెలుగు, ఉర్దూ భాషలలో తయారుచేయుటకు మేమొక చిన్న స్క్రిప్టు వ్రాసితిమి. తెరపై ప్రతివారి మార్కుల గీత చక్కగా కనిపించినది. రాత్రికి రాత్రే పత్రములన్నియు సిద్ధమైనవి. ఉదయము సంతకములును పడినవి. ఉపకారవేతనపు దరఖాస్తు కొరకు పత్రము తీసికొన్న విద్యార్థిని ఒకతె తిరిగి వచ్చి, "సార్, నా గీత ఏదండీ?" అని అడిగినది. అయిదు సెమిస్టర్లు కష్టపడి పైకి తెచ్చుకొన్న గీత ఉండవలసిన చోట తెల్లని గడి మాత్రమే ఉన్నది. మేము చూడకయే సంతకము చేసితిమి.

కారణమేమి? ఇట్టి వెబ్ పుట వచ్చునప్పుడు దానిలో చిత్రముండదు. చిత్రమును గీయు ఆదేశములే ఉండును. బ్రౌజరు ఆ జావాస్క్రిప్టును నడిపి, అంకెలను తెప్పించుకొని, పిమ్మట గీత గీయును. ఓడ రేవు చేరుట వేరు, సరుకు దిగుట వేరు. ఓడ చేరగానే సరుకు దిగినదని మా స్క్రిప్టు భావించినది.

సాధనముల విషయము. ఒకప్పుడు విరివిగా వాడిన ఫాంటమ్‌జేఎస్ అభివృద్ధి 2018లో నిలిచిపోయినది. 2017 నుండి క్రోమ్ బ్రౌజరునే తెర లేకుండ నడుపవచ్చును. దానిని స్క్రిప్టుతో నడిపించుటకు అదే సంవత్సరము పప్పెటీర్, 2020లో ప్లేరైట్ వెలువడినవి.

సాధనమేదైనను మూడు సూత్రములు మరువరాదు.

మొదటిది, వేచియుండుట. "అయిదు సెకండ్లు ఆగుము" అని వ్రాసిన చాలదు. నెట్ నెమ్మదించిన నాడు పదియు చాలవు. చిత్రము పూర్తియైన పిమ్మట పుటయే ఒక గుర్తు నిలుపవలెను. స్క్రిప్టు ఆ గుర్తు కొరకు ఆగవలెను; గడువులోగా అది రాకున్న పత్రము నీయక తప్పును తెలుపవలెను. చార్టులోని యానిమేషన్‌ను కూడ ఆపివేయవలెను. లేనిచో సగము లేచిన కడ్డీ అచ్చుపడును. ఖాళీ గడి తన లోపమును తానే చెప్పును. సగము కడ్డీ అబద్ధము చెప్పును.

రెండవది, లిపి. సర్వరులో తగిన ఫాంట్లు లేనిచో తెలుగు అక్షరములకు బదులు ఖాళీ చతురస్రములు వచ్చును. ఉర్దూకు నస్తాలీఖ్ వంపు దక్కదు. నోటో వరుసలో రెండు లిపులకును ఉచితమైన ఫాంట్లు కలవు. ఫాంట్లు చేరిన తరువాతనే చిత్రము గీయించవలెను.

మూడవది, స్పష్టత. కాన్వాస్ పద్ధతిలో చిత్రము చుక్కల సముదాయము. పెద్దది చేసిన మసకబారును. ఎస్.వి.జి. పద్ధతిలో గీత గీతగానే నిలుచును. అచ్చునకు రెండవదే మేలు. చిత్రము వెడల్పును 210 మిల్లీమీటర్ల ఎ4 కాగితమునకు ముందే సరిపెట్టవలెను.

ఆ విద్యార్థినికి దరఖాస్తు గడువులోగానే సరియైన పత్రము నీయగలిగితిమి. మిగిలిన పత్రములను కూడ తిరిగి తీయించితిమి. యంత్రము వేయి పత్రములను అలసట లేక తయారుచేయును. పొరపాటునైనను వేయిసార్లు అలసట లేకనే చేయును. నాటినుండి ప్రతి కట్టలో కొన్ని పత్రములను తెరచి, తెరపై గీతతో సరిచూడనిదే మేము సంతకము చేయుట లేదు. మా విద్యార్థులును ఈ అలవాటును పాటింతురుగాక.