వేలికి అందిన మీట





పైలట్ల గడియారాలకు పేరొందిన బ్రైట్‌లింగ్ సంస్థ చరిత్రను, యంత్రవిద్య అభ్యసించేవారు దాని మీటల స్థానాన్నిబట్టి చదవడం మేలు. స్విట్జర్లాండులోని సెయింట్ ఇమియేలో లియోన్ బ్రైట్‌లింగ్ 1884లో నెలకొల్పిన పనిశాల 1892లో లా షో-ద-ఫాన్‌కు తరలింది. అక్కడ ముఖ్యంగా తయారైనవి క్రోనోగ్రాఫులు, అంటే వేళ చూపుతూనే, మీట నొక్కినప్పుడు మరో ముల్లును నడిపి, ఒక పనికి పట్టిన వ్యవధిని విడిగా కొలిచే గడియారాలు. తొలినాళ్ల చేతి గడియారాల్లో ఈ మీట కీ ఇచ్చే బొడిపెలోనే ఇమిడి ఉండేది. లియోన్ కుమారుడు గాస్టన్ 1915లో దానిని విడదీసి రెండో అంకె పక్కన అమర్చగా, మనుమడు విల్లీ 1934లో ముల్లును సున్నాకు తెచ్చే పనిని నాలుగో అంకె పక్కన మరో మీటకు అప్పగించాడు. దీనితో ఆగిన ముల్లును సున్నాకు తేకుండానే మళ్లీ నడిపించి, విడివిడి వ్యవధులను కలిపి లెక్కించడం సులువైంది. ఈ సంస్థ చేసిన పనులన్నింటిలో పెద్దపీట దీనికే వేయాలి. నేటి క్రోనోగ్రాఫుల్లో అధికభాగం ఆ అమరికనే పాటిస్తున్నాయి.

1950ల తొలి ఏళ్లలో ఈ సంస్థ నుంచే వచ్చిన నావిటైమర్ గడియారం అంచున వృత్తాకారపు స్లైడ్ రూల్ ఉంది. అది సంఖ్యలను లాగరిథమ్ నిష్పత్తిలో గుర్తించి, పొడవులను కలపడం ద్వారా గుణకారం చేసే కొలబద్ద. పైలట్లు దూరం, వేగం, ఇంధనం లెక్కలు దానితో తేల్చుకొనేవారు. గుంటూరు మిర్చి యార్డు లెక్కతో ఇది తేలిగ్గా బోధపడుతుంది: క్వింటా మిర్చి 15,000 రూపాయలనుకొని, లోపలి వరుసలోని 10కి ఎదురుగా బయటి వరుసలోని 15ను తిప్పి నిలిపితే, లోపలి 40కి ఎదురుగా 60 కనిపిస్తుంది, అంటే 40 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) వెల 6,000 రూపాయలు. సున్నాలెన్నో మాత్రం లెక్కించేవారే గుర్తుంచుకోవాలి. తెలుగు ఇళ్లలో పెద్దలు అపురూపంగా దాచుకొన్న హెచ్‌ఎంటీ పైలట్ గడియారం నల్లని డయలుతో చక్కనిదే గాని, దానికి ఈ కొలబద్దా లేదు, వ్యవధి కొలిచే మీటలూ లేవు.

1962 మే 24న అంతరిక్షానికి వెళ్లిన స్కాట్ కార్పెంటర్ కోరిక మేరకు, నావిటైమర్ డయలు మీద 12కు బదులు 24 గంటలు గుర్తించారు. కొన్ని గంటల్లోనే పలుమార్లు భూమిని చుట్టేవారికి కిటికీలోని వెలుగును చూసి పగలో రాత్రో చెప్పడం సాధ్యం కాదు. ఆ తర్వాత క్వార్ట్జ్ స్ఫటికపు కంపనాలతో నడిచే బ్యాటరీ గడియారాల ధాటికి మరగడియారాల వ్యాపారం కుంగిపోగా, 1979లో సంస్థ ఎర్నెస్ట్ ష్నైడర్ చేతికి వచ్చింది. ఆయన స్వయంగా పైలట్. 1984 నాటి క్రోనోమాట్ గడియారాన్ని ఇటలీ వాయుసేన విన్యాసదళపు పైలట్లతో సంప్రదించి రూపొందింపజేశాడు.